ఒంటి తలుపు టెంటు

టెంటులో పడుకున్నాకగానీ మనిషికి తన మోచేతులు ఎంత పొడుగో తెలియదు. అల్లుడికి ఆ సంగతి నలభై దాటాక, ఒక దుకాణం వెనక ఉన్న చల్లగదిలో, పసుపుపచ్చ టెంటులో వెల్లకిలా పడుకున్నాక తెలిసింది. కుడి మోచెయ్యి జరిపితే టెంటు గుడ్డ తగిలి, దాని లోపలివైపు పట్టిన ఊపిరి తేమ చుక్కలు చుక్కలుగా మెడమీద రాలుతోంది. ఎడమ మోచెయ్యి జరిపితే మామగారు తగులుతున్నారు. గుడ్డ తగిలితే తడి, మామగారు తగిలితే తప్పు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో చిన్నప్పుడు పంతులుగారు ఎంత చెప్పినా ఎక్కలేదు, ఇప్పుడైతే తనే ఉదాహరణగా పనికొస్తాడు. అందుకని రెండు చేతులూ కడుపు మీద కట్టుకుని, స్లీపింగ్ బ్యాగు జిప్పు గడ్డం దాకా లాక్కుని, హెడ్మాస్టరు గది ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ పిల్లవాడిని అలాగే పడుకోబెట్టినట్టు ఉన్నాడు. అయినా కుదురుగా ఉండలేకపోతున్నాడు. ఈ వైపు తిరిగితే కింద గాలి పరుపు కీచుమంటోంది, ఆ వైపు తిరిగితే బ్యాగు బరబరమంటోంది. తన బేకరీ షట్టరు తుప్పు పట్టింది, అది కూడా ఇంతకంటే మర్యాదగా లేస్తుంది.

ఇదంతా ఆ దుకాణం ఆవిడ పెట్టిన నియమం. చలిలో కొండలెక్కేవాళ్ళకు సామాను అమ్మే ఆ దుకాణం ఒకప్పుడు ఐస్‌క్రీం గోడౌను. ఐస్‌క్రీం పోయింది, చల్లగది మిగిలింది, ఆవిడ దాన్ని పాడుపెట్టకుండా అందులో టెంటు వేసి ఉంచింది. చలికాలపు టెంటు కావాలని ఎవరొచ్చినా సరే, ఎవరితో వెళుతున్నారో వాళ్ళతో సహా ఆ గదిలో గంటసేపు పడుకోవాలి, పడుకోకపోతే అమ్మదు. నవ్వుతూనే చెబుతుంది, నవ్వుతూనే వినదు. “ఇద్దరి టెంటంటే ఇద్దరు పట్టే టెంటని కాదండీ, ఇద్దరు సర్దుకునే టెంటని. బయట నిలబడి బరువు తూచుకుంటే అది తెలియదు” అంది. అప్పటికే మామగారి చేతిలో ఒకరు పట్టే టెంటు ఉంది. ఎర్రది, చుట్టి సంచిలో పెడితే రెండు రొట్టెలంత. “నాకిది చాలండీ” అంటున్నారు ఆయన. ఆవిడ ఆయన వెనక నిలబడ్డ అల్లుణ్ణి కిందికీ మీదికీ చూసి “మరి మీ అబ్బాయి ఎక్కడ పడుకుంటారు?” అని అడిగింది. అబ్బాయి కాదు, అల్లుడుగారని మామగారు సవరించారు, ఎక్కడ పడుకుంటాడన్న దానికి మాత్రం జవాబు చెప్పలేదు. నలుగురి ముందు అల్లుణ్ణి కాదనడం ఆయన మర్యాదకు చేతకాదు. “సరే, గంటే కదా” అని బూట్లు విప్పారు. ఆ ‘గంటే కదా’ విన్నప్పటినుంచీ అల్లుడు ఒకటే లెక్క వేసుకుంటున్నాడు. గంట తరవాత బయటికొచ్చి ఆయన ఎర్రది కొన్నారా, ఒక్కరే వెళతారు, మనిషి అలికిడి లేని కొండల్లోకి, ఈ చలిలో, వారం రోజులపాటు, పూటపూటా గుండెకు మాత్ర వేసుకునే మనిషి. పసుపుపచ్చది కొన్నారా, పక్కన తనుంటాడు. ఇక మధ్యలో ఇంకో దారి లేదు, ఒకటో, రెండో.

టెంటు మరీ చిన్నదేం కాదు. తలల దగ్గర వెడల్పు, కాళ్ళ దగ్గర సన్నం. గోడలు నిటారుగా లేస్తాయి కాబట్టి మంచు పడినా జారిపోతుందట. పైన గాలికని చిన్న కిటికీలాంటిది ఉంది. చలేస్తోందని అల్లుడు దాన్ని మూయబోతే మామగారు “మూయకండి అల్లుడుగారూ, మన ఊపిరే మనమీద వానై పడుతుంది” అన్నారు. అన్న తరవాత కూడా అల్లుడు ఆయన చూడనప్పుడు సగం మూశాడు, ఆ సగానికి శిక్షే ఇప్పుడు మెడమీద పడుతోంది. అసలు చిక్కు తలుపు దగ్గర వచ్చింది. ఈ టెంటుకి తలుపు ఒక్కటే, అదీ ఒక పక్కన. ఆ పక్కన మామగారు పడుకున్నారు. లోపలికి వచ్చేటప్పుడు “మీరు ముందు రండి” అంటే “అయ్యో మీరు ముందు” అని ఒకరినొకరు బతిమాలుకుని, చివరికి అల్లుడు ముందు దూరాడు. మర్యాదకి పోయి మూలకి చేరాడు. దుకాణం ఆవిడ ముందే చెప్పింది, రెండు తలుపులది ఇంకొకటి ఉంది, బూడిదరంగుది, అరకిలో బరువెక్కువ, కానీ ఎవరి తలుపు వారిది, పెద్దవాళ్ళు ఉన్నప్పుడు అదే సుఖం అని. అప్పుడు ఆ అరకిలో పెద్ద బరువుగా కనిపించింది. బయల్దేరే ముందు తాగిన రెండు గ్లాసుల టీ సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

ఇప్పుడు బయటికి వెళ్ళాలంటే మామగార్ని దాటాలి. దాటడమంటే ఆషామాషీ కాదు. పడుకున్న మనిషిని దాటితే వాళ్ళ ఎదుగుదల ఆగిపోతుందని అల్లుడి నాయనమ్మ అనేది, దాటిన ప్రతిసారీ చెవి పట్టుకుని వెనక్కి దాటించేది. ఏడు పదులకి దగ్గరపడ్డ మామగారు ఇంక ఎదిగేది ఏముందిలే అని మనసు ఒక వాదన తెచ్చింది. కానీ కాలు ఆ వాదన వినలేదు. ఈయన్ని దాటడమా? ఈయన ముందు కాలు మీద కాలు వేసుకుని ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూర్చోలేదు. ఆ మాటకొస్తే ఎవరూ కూర్చోవద్దనలేదు. పోనీ కాళ్ళ వైపునుంచి పాకితే? కాళ్ళ దగ్గర టెంటు సన్నం, ఆయన పాదాల మీద నుంచి పాకాలి. తల వైపునుంచి? ఛీ. మొత్తానికి టీలు రెండూ లోపలే సర్దుకున్నాయి, ఇద్దరు పట్టే చోట ఇద్దరూ సర్దుకున్నట్టే.

ఎనిమిదేళ్ళు. ఆ ఇంట్లో అందరికీ తలో కప్పు ఉంది. భార్యది పిడి విరిగినది, బావమరిదిది అంచు చిట్లినది, మామగారిది ఎవరో కంపెనీవాళ్ళు పంచిపెట్టిన మొద్దు కప్పు. అల్లుడు వెళ్ళగానే మాత్రం అద్దాల బీరువా తెరుచుకుంటుంది, బంగారు అంచు కప్పు సాసరుతో సహా దిగుతుంది. మొదటిసారి ఎంత గౌరవమో అనుకున్నాడు. మూడో ఏడు వచ్చేసరికి ఆ కప్పు చూస్తే దిగులు పుట్టేది. చుట్టానికి పెట్టే కప్పు అది, తాగేసి వెళ్ళిపోయేవాడికి పెట్టే కప్పు. ‘రండి అల్లుడుగారూ, కూర్చోండి అల్లుడుగారూ, మీకెందుకండీ శ్రమ’ అంటూ మామగారు ఎంత ప్రేమగా మాట్లాడితే అంత దూరంగా జరిగినట్టు ఉండేది. కసురుకుంటే బాగుండు. నీకు బుద్ధుందా అంటే ఇంకా బాగుండు. బావమరిదిని రోజుకి నాలుగుసార్లు అంటారు ఆ మాట, వాడికి దాని విలువ తెలియదు. అల్లుడికి సొంత తండ్రి గుర్తు లేడు. ఎవరైనా పెద్దాయన నోట తిట్టు తినాలని ఇంత వయసొచ్చాక కోరిక ఏమిటని నవ్వుకునేవాడు గానీ కోరిక మాత్రం పోయేది కాదు.

మామగారు లిఫ్టులు బాగుచేసేవారు. “ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నిలువుగా బతికానండీ, పైకీ కిందికీ. అందుకే సెలవు దొరికితే అడ్డంగా నడిచేవాణ్ణి” అనేవారు. అత్తగారు మునిసిపాలిటీ ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పేది. ఎండాకాలమంతా నీళ్ళలో నాని నాని ఉంటుంది కాబట్టి ఆవిడకి చలికాలం పొడి కొండలంటే పిచ్చి. ఏటా ఇద్దరూ వీపున సంచులు వేసుకుని వెళ్ళిపోయేవారు. వాళ్ళ పాత టెంటు దాదాపు ఒక చంటిపిల్లంత బరువు, దాన్ని ఎప్పుడూ ఆవిడే మోసేది, మామగారు మోస్తానంటే ‘లిఫ్టులో తిరిగే మీరు మెట్లెరగని మనిషి’ అని వెక్కిరించేది. నిద్రలో కూడా ఆవిడ ఈదుతూనే ఉండేదట. కాళ్ళు తన్నేది, చేతులు విసిరేది, ఒకసారి టెంటు స్తంభం ఊడదీసి ఇద్దరి మీదా కూల్చిందట. ఈ కథ మామగారు చెప్పినప్పుడల్లా ఆవిడ ‘కూల్చింది నేను కాదు, గాలి’ అనేది. రెండేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున ఆవిడ నిద్రలోనే పోయింది. మామగారు లేచి, టీ కలిపి తెచ్చి మంచం పక్కన పెట్టి, చల్లారిపోతోందని పిలిచారు. మళ్ళీ పిలిచారు. ఆ ముక్క ఆయన ఎవరితోనూ అనలేదు, కూతురు వెళ్ళేసరికి మంచం పక్కన నిండుగా ఉన్న కప్పు చెప్పింది. ఆ తరవాత ఆయనకి నిద్ర లేదు. కునుకు పట్టిన గంటలోపే లేచి ఇల్లంతా తిరుగుతారు. తలుపు బందులకి నూనె వేస్తారు, వేసినవాటికే మళ్ళీ వేస్తారు. ఆ ఇంట్లో ఇప్పుడు ఏ తలుపూ చప్పుడు చేయదు. నిద్రకని డాక్టరు ఇచ్చిన మాత్రలు బీరువాలో బంగారు అంచు కప్పు పక్కనే ఉన్నాయి. ఈ ఏడు ఉన్నట్టుండి అన్నం దగ్గర “కొండలకి వెళ్ళొస్తాను, ఒక్కణ్ణే” అన్నారు. భార్య ముఖం చూసి అల్లుడు ఆలోచించకుండా “నేనూ వస్తాను మామయ్యగారూ” అనేశాడు.

పుట్టి బుద్ధెరిగి చలి తెలియనివాడు అన్న మాట అది. పదహారో ఏట బేకరీలో చేరాడు, అప్పటినుంచీ బట్టీ ముందే ఉన్నాడు. ఎదుట నిప్పు, వీపున చెమట. చలికాలం వస్తే వీధిలోవాళ్ళు రొట్టె కొనుక్కునే నెపంతో వచ్చి అతని దగ్గర చలికాచుకుంటారు. అలాంటివాడు మంచులో పడుకుంటానన్నాడు. మామగారు “మీకెందుకండీ శ్రమ” అన్నారు, ఎప్పటిలాగే. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్న మనిషి కాదు ఆయన, కాదన్న మాట గట్టిగా అనరు, మెత్తగా అని చేసేది చేస్తారు. ఇవాళ కూడా దుకాణం దాకా బేకరీ వ్యాను నడిపే మనిషి కావాలి గనక వెంట రానిచ్చారు. పిలవని పేరంటానికి వచ్చి విస్తరి ముందు కూర్చున్నట్టు ఇప్పుడు తను ఈ టెంటులో ఉన్నాడు. కాలి వేళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు. ఆడించి చూశాడు. ఉన్నాయి. పరుపు కీచుమంది. పక్కకి తిరిగాడు, బ్యాగు బరబరమంది. ముక్కు కొస చల్లబడిపోయి వేరే ఎవరి ముక్కో తెచ్చి పెట్టినట్టుంది. మళ్ళీ వెల్లకిలా తిరిగాడు. ఇంత గోలకి ఆయన ఏమనుకుంటున్నారో, వీడితో వారం రోజులా అనుకుంటున్నారో ఏమో, ఎర్రదాన్ని తలుచుకుంటున్నారో ఏమో అని ఓరగా చూశాడు.

మామగారి నోరు కొంచెం తెరుచుకుని ఉంది. చెయ్యి గుండెల మీద ఉంది. అప్పుడు వినిపించింది గురక. ముందు చిన్నగా, పాత లిఫ్టు బయల్దేరబోయి ఆగినట్టు, ఆ తరవాత అంతస్తు అంతస్తుగా పైకి వెళ్ళి, పైన ఒక క్షణం నిలబడి, బుస్సుమని కిందికి దిగింది. అల్లుడు తల ఎత్తి చూశాడు. ఇది కళ్ళు మూసుకుని పడుకోవడం కాదు. ఇది నిద్ర. రెండేళ్ళుగా డాక్టరు తేలేనిది, మాత్రలు తేలేనిది, ఐస్‌క్రీం గోడౌనులో వచ్చి పడుకుంది. బ్యాగులో ఫోను వణికింది. మెల్లగా తీసి చూస్తే భార్య. స్కూలు బస్సు నడుపుతుంది, పిల్లల్ని దింపేసి ఖాళీ బస్సులో కూర్చుని ఉంటుంది. ‘నాన్న ఏమన్నారు?’ అని పంపింది. ‘నిద్రపోతున్నారు’ అని కొట్టాడు. ‘నిజంగా నిద్రా?’ అంది. ‘గురక’ అని కొట్టాడు. చాలాసేపు ఏమీ రాలేదు. ఏడుస్తోందని అతనికి తెలుసు, స్టీరింగు మీద తల పెట్టుకుని, పెదవి కొరుక్కుని ఏడుస్తుంది ఆమె. చివరికి వచ్చింది. ‘లేపకు. కదలకు. నీకు దణ్ణం పెడతాను, కుక్కిన పేనులా పడి ఉండు.’

పడి ఉన్నాడు. ఈ విద్య అతనికి చెప్పక్కర్లేదు. పిండి కలిపి, గిన్నెలో వేసి, తడిగుడ్డ కప్పిన తరవాత రొట్టెలవాడు చేయాల్సిన పని ఒక్కటే, ముట్టుకోకుండా ఉండడం. గుడ్డ ఎత్తి చూసినా, గిన్నె జరిపినా, తలుపు దబ్బుమని వేసినా పొంగింది కుంగిపోతుంది. కొత్తగా పనిలో చేరినవాళ్ళందరికీ అతను మొట్టమొదట నేర్పించేది అదే, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడడం. మంచిదేదైనా కదపకుండా వదిలేస్తేనే అవుతుందని అతని నమ్మకం, ఆ నమ్మకం మీదే బేకరీ నడిచింది, కాపురం కూడా నడిచింది. ఇప్పుడు పక్కన పసుపుపచ్చ గుడ్డ కింద మామగారి నిద్ర పొంగుతోంది. అల్లుడు కాలివేళ్ళు ఆపేశాడు. మోచేతులు ఆపేశాడు. మెడమీద చుక్క పడింది, తుడుచుకోలేదు. టీలని మందలించాడు. ఎడమ పిక్క పట్టేసింది, పట్టేయనిచ్చాడు. ఊపిరి కూడా సన్నగా, సూదిలోకి దారం ఎక్కించేవాడిలా తీసుకోవడం మొదలుపెట్టాడు. పరుపు నోరు మూసుకుంది, బ్యాగు నోరు మూసుకుంది. గదిలో చల్లమిషను రొద తప్ప ఏమీ లేదు. ఎంత సంతోషం. ఎనిమిదేళ్ళలో ఈ మనిషికి నేను ఏమీ చేయలేకపోయాను, ఇవాళ చేస్తున్నాను, ఏమీ చేయకుండా చేస్తున్నాను. ఎర్రది కొనుక్కున్నా సరే, నన్ను వద్దన్నా సరే, ఈ గంట నేనిచ్చాను అనుకున్నాడు. రాయిలా పడుకున్నాడు. తను ఇంత కదలకుండా ఉండగలడని అతనికే తెలియదు.

గురక ఆగింది.

మెట్టుమెట్టుగా దిగలేదు, ఒక్కసారిగా తెగింది. అల్లుడు ఇంకా బిగుసుకున్నాడు. తను ఏ చప్పుడూ చేయలేదు, ప్రమాణం చేసి చెప్పగలడు. పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది. అతని బ్యాగు మీద పడి, తడుముకుంటూ, గుండె మీదికి, భుజం మీదికి, గడ్డం మీదికి ఎక్కింది. చల్లటి వేళ్ళు. ముక్కు కింద ఆగాయి. అక్కడే ఉన్నాయి. అల్లుడు అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలాడు. వేళ్ళ మీదుగా అది వెళ్ళిపోయాకగానీ ఆ చెయ్యి ముక్కు కిందనుంచి జరగలేదు.

“ఏమయ్యా, ఉన్నావా?”

“ఉన్నాను మామయ్యగారూ.”

“మరి కదలవేం?”

“మీకు నిద్ర పట్టింది. లేస్తారేమోనని.”

మామగారు చెయ్యి తీయలేదు, అది జారి అల్లుడి గుండె మీద ఆగింది.

“ఇందాకటినుంచీ నువ్వు అటూ ఇటూ దొర్లుతూ, కీచుకీచుమంటూ ఉంటే నిద్ర పట్టింది. హాయిగా పట్టింది. ఉన్నట్టుండి చప్పుడు లేదు. ఎంతకీ లేదు. నీకు బుద్ధుందా? పక్కన మనిషి పడుకుని ఉండగా అలాగేనా బిగుసుకుపోవడం?”

అల్లుడు టెంటు కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు, కళ్ళు నిండి చెవుల్లోకి కారుతున్నాయి, తేమ చుక్కలే అనుకుంటారులే అనుకున్నాడు. అత్తగారి పక్కన ఆయన ఆ రోజు ఎంతసేపు పడుకున్నారో, టీ పెట్టడానికి లేచేముందు ఎంత నిశ్శబ్దాన్ని మామూలు నిద్ర అనుకున్నారో, ఆ లెక్క ఆయన రెండేళ్ళుగా ఒంటరిగా వేసుకుంటూ ఉన్నారని ఇప్పుడు అర్థమైంది. తలుపులకి నూనె వేసి వేసి ఇంట్లో చప్పుడు లేకుండా చేసుకుని, చప్పుడు లేదని నిద్రపోలేక తిరుగుతున్నారు ఈ పెద్దమనిషి. అల్లుడు కావాలని కాళ్ళు రెండూ ఆడించాడు. పరుపు కీచుమంది. మామగారు “ఆ” అన్నారు.

చల్లగది తలుపు తెరుచుకుంది. వెలుతురూ, వెచ్చటి గాలీ లోపలికొచ్చాయి. దుకాణం ఆవిడ వంగి, టెంటు జిప్పు కొంచెం లాగి ముఖం పెట్టింది.

“గంట దాటిందండీ. మరి ఏది కట్టమంటారు? ఆ ఎర్రదేనా?”

“కాదండీ, ఇద్దరిది” అన్నారు మామగారు.

“అయితే బూడిదరంగుది తీస్తాను. రెండు తలుపులు, ఎవరి దారి వారిది, ఒకరికొకరు అడ్డం ఉండరు.”

“అది వద్దు” అన్నారాయన. “ఇదే ఇవ్వండి. ఒక తలుపుదే. ఏ వేళప్పుడు లేచి ఎక్కడికి వెళ్ళినా నన్ను దాటుకునే వెళ్ళాలి, దాటుకునే రావాలి. నాకు తెలియాలి.”

ఆవిడకి అర్థమైందో లేదో, తల ఊపి వెళ్ళిపోయింది. మామగారు లేచి దారి ఇస్తారని అల్లుడు చూశాడు. ఆయన లేవలేదు. ఇంకా సుఖంగా సర్దుకుని, చేతులు తల కింద పెట్టుకుని, కళ్ళు మూసుకున్నారు.

“దాటు” అన్నారు.

“మామయ్యగారూ, మిమ్మల్నా?”

“ఇంకెవరున్నారిక్కడ?”

అల్లుడు బ్యాగులోంచి బయటపడి, టెంటు కప్పుకి తల తగలకుండా వంగి, పట్టేసిన పిక్కని ఈడ్చుకుంటూ, ఒక కాలు ఆయన అవతల వేశాడు. రెండోది లేవలేదు. ఒరిగిపోయి, మోకాలు తిన్నగా మామగారి పొట్ట మీద పడింది.

“బరువే” అన్నారు మామగారు, కళ్ళు తెరవకుండానే, ఎంతో తృప్తిగా.